పెడన దాకా ఒక టిక్కెట్టు

ఫ్యాను వేయరు. ముందే చెబుతున్నాను, గుడివాడ ఉక్కకి చొక్కా వీపుకి అంటుకుపోతుంది, కాస్త ఓర్చుకోండి. ఆ ఫ్యాను తిరిగేటప్పుడు సన్నగా కీచుమంటుంది. మనకైతే రెండు నిమిషాల్లో ఆ చప్పుడు చెవికెక్కడం మానేస్తుంది. బల్లకి ఆ చివర కూర్చున్న పదిహేనేళ్ల అబ్బాయికి మానదు. అతను వచ్చిన రోజున స్విచ్చి ఎవరూ ముట్టుకోరు.

బడి ఆవరణలో మూలగది ఇది. సమగ్ర శిక్ష కింద మండలాల్లో నడిచే భవిత కేంద్రాల్లో ఒకటి అనుకోండి. గోడకి అక్షరమాల చార్టు, కిటికీ పక్కన నడక నేర్పే కమ్మీలు, మూలన చుట్టిపెట్టిన చాప, ఒక డబ్బా నిండా రంగు పూసలు. బల్ల చుట్టూ అబ్బాయి, వాళ్ల అమ్మ, తాతయ్య, లెక్కల మాస్టారు, సహిత విద్య టీచరు. ఈవిణ్ణి అందరూ ఐఈఆర్టీ మేడం అంటారు. ఆరో కుర్చీ ఖాళీ. ఆక్యుపేషనల్ థెరపిస్టు కూర్చోవలసిన కుర్చీ అది. ఆ నిపుణులు దొరకాలంటే ఇక్కడివాళ్లు విజయవాడ వెళ్లాలి, పోనూ రానూ ఒక రోజు కూలి పోతుంది. ఫిజియోథెరపీ అయినా వంతుల మీదే. ఆ కుర్చీలో మీరు కూర్చోండి. ఊళ్లు ఉన్నవే, పిల్లలు మాత్రం ఒక్కరు కారు. ఎవరూ ఎవర్నీ గుర్తుపట్టకూడదని నలుగురైదుగురిని కలిపి ఒకరిగా చూపిస్తున్నాను.

ముందు పెద్దవాళ్ల వంతు. అమ్మకి రాత కుదరాలి. మాస్టారికి నోట్సు పూర్తవ్వాలి. తాతయ్య గొంతు సవరించుకుని, "ఇంటికి ఎవరన్నా వస్తే నమస్కారం పెట్టాలండి. మొహంలోకి చూసి మాట్లాడాలి" అంటాడు.

"మొహంలోకి చూస్తే మాట వినపడదంటాడు తాతయ్య గారూ. రెండూ కావాలంటే కష్టం, ఏదో ఒకటి అడుగుదాం" అంటుంది మేడం. అన్నీ కాగితానికి ఒకవైపు రాస్తుంది. తర్వాత కాగితం అబ్బాయి వైపు తిప్పి, పెన్ను పక్కన పెట్టి, "నీకేం కావాలి?" అని అడుగుతుంది.

ఇప్పుడు వచ్చే నిశ్శబ్దం మీకు ఇబ్బందిగా ఉంటుంది. తాతయ్య నోరు తెరుస్తాడు, మేడం వద్దన్నట్టు చెయ్యి కదుపుతుంది. బయట ఎవరో గంట కొడతారు. అబ్బాయి బల్లతో చెబుతున్నట్టు చెబుతాడు: "గుడివాడ, నూజెళ్ల, గుడ్లవల్లేరు, కవుతరం, వడ్లమన్నాడు, పెడన."

"ఎప్పుడూ అదేనండి, స్టేషన్లు వల్లిస్తుంటాడు" అంటుంది అమ్మ, సిగ్గుపడుతూ.

"పెడనలో ఆగాడమ్మా. చిలకలపూడి, బందరు చెప్పలేదు."

అమ్మ కొడుకు వంక చూస్తుంది. పెడనలో ఉన్నది ఆవిడ తమ్ముడు. కలంకారీ అచ్చులు వేసే షెడ్డులో పని అతనిది. మేనమామ దగ్గరికి ఒక్కడే రైల్లో వెళ్లాలి, అదీ అబ్బాయి కోరిక. పెద్దవాళ్లు చెప్పిన నాలుగింటిలో లేనిది. మేడం దాన్ని కాగితం పైభాగాన రాసి గీత గీస్తుంది.

ఈ గీత దగ్గర కాసేపు ఆగుదాం. ఈ అబ్బాయికి రైళ్ల నంబర్లు కంఠతా వచ్చు, లెక్కల్లో మాస్టారినే సరిదిద్దుతాడు. కానీ ప్రయాణమనే పెద్ద పనిని ముక్కలు చేసుకోవడం, ఏ ముక్క ముందో తేల్చుకోవడం, ఒకటి చేస్తుండగా తర్వాతిది మనసులో పట్టి ఉంచడం, అనుకున్నది తప్పితే ఇంకో దారి పట్టడం వేరే సంగతి. వీటిని ఎగ్జిక్యూటివ్ ఫంక్షన్స్ అంటారు. ఆటిజంలోనూ ఏడీహెచ్‌డీలోనూ పిల్లలు తరచుగా తడబడేది ఇక్కడే. చూసేవాళ్లకి మాత్రం అది బద్ధకంగానో మొండితనంగానో కనిపిస్తుంది. చేయగలిగితే పిల్లలు చేస్తారు, చేయడం లేదంటే అందుకు కావలసిన నేర్పు ఏదో ఇంకా రాలేదన్నమాట అని అమెరికన్ సైకాలజిస్టు రాస్ గ్రీన్ ఏళ్ల తరబడి వాదిస్తున్నాడు. ఆయన 'ది ఎక్స్‌ప్లోజివ్ చైల్డ్' 1998లో వచ్చింది. అడ్డం ఎక్కడ పడుతోందో ముందు పిల్లవాడినే అడగమంటాడు. కెనడాలో హెలెన్ పొలటాయ్‌కో, తోటివాళ్లు తయారుచేసిన కో-ఆప్ పద్ధతిలో కూడా గురి పిల్లవాడిదే. ఉపాయమూ అతనే ఆలోచించాలి, చేసి చూడాలి, ఫలించిందో లేదో సరిచూసుకోవాలి. పెద్దవాళ్లు ప్రశ్నలు అడిగి దారి చూపుతారు, అంతవరకే. చెప్పడం తేలిక. తాతయ్య లాంటి మనిషిని పక్కన పెట్టుకుని నోరు మెదపకుండా ఉండటం ఎంత కష్టమో మీరిప్పుడే చూశారు.

మేడం అడిగే తీరు గమనించండి. "ఎందుకు భయం?" అనదు. "కౌంటరు దగ్గర ఏమవుతుంది?" అంటుంది.

"వెనక నుంచి తోస్తారు."

"ఊఁ."

"ఆయన రెండు అడుగుతాడు. ఒకటి చెప్పేలోపు రెండోది."

అమ్మ చెంగుతో మొహం తుడుచుకుంటుంది. "వాడికి డబ్బుల లెక్క తెలియక వెనక్కి వచ్చేస్తున్నాడనుకున్నామండి ఇన్నాళ్లూ."

తాతయ్యకి ఉపాయం తట్టింది. ఫోన్లో టిక్కెట్టు తీసే యాప్ ఉందిగా, కౌంటరు గొడవే ఉండదు. మంచి ఉపాయమే, కాదనలేం. కానీ అబ్బాయి తల అడ్డంగా ఊపుతాడు. "కాగితం టిక్కెట్టు." మళ్లీ అంటాడు. "కాగితం." ఈ ప్రయాణంలో అతనికి కావలసిందే అది కాబోలు. సౌకర్యం పేరు చెప్పి దాన్ని తీసేస్తే ఇక ఆ కోరిక మనదవుతుంది. చివరికి ఉపాయం అతనే చెప్పాడు: చీటీ మీద 'పెడన, ఒకటి' అని రాసి, పది రూపాయల నోటుతో కలిపి లోపలికి తోసేస్తాడట. రెండు ప్రశ్నలకీ జవాబు ముందే అందులో ఉంటుంది. ఆ ఆలోచన నాకు తట్టేది కాదు, మీకూ తట్టేది కాదనుకుంటాను.

కొన్ని వారాలు దాటి రండి. గుడివాడ స్టేషన్. మొదట్లో అమ్మ టిక్కెట్టు తీస్తే అతను చూశాడు. తర్వాత అతను తీస్తుంటే అమ్మ వెనకే నిలబడి తోపుడు కాచింది. ఇవాళ ఆవిడ దూరంగా బెంచీ మీద, మేడం పక్కన, వేళ్లు విరుచుకుంటూ ఉంది. చీటీ లోపలికి పోయింది. టిక్కెట్టు బయటికి వచ్చింది. దాన్ని వెలుగుకి పట్టి రెండువైపులా చూసుకుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

అంతలో మైకులో ప్రకటన: రైలు ఆలస్యం.

అతని చేతులు గాలిలో ఆడటం మొదలవుతుంది. పక్కన నిలబడ్డ కాలేజీ కుర్రాళ్లిద్దరు మొహాలు చూసుకుంటారు. అమ్మ లేవబోతే మేడం ఆపుతుంది. అబ్బాయి జేబులోంచి అట్టముక్క తీసి వెనక్కి తిప్పుతాడు. ముందు వైపు ప్రయాణంలో చేయాల్సినవి వరసగా ఉంటాయి. వెనక వైపు: రైలు రాకపోతే బెంచీ, నీళ్లు, గడియారం, అమ్మకి ఫోను. మన రైళ్లు తెలిసినవాళ్లెవరైనా ఆ వెనక వైపే ముందు రాస్తారు. అతను బెంచీ మీద కూర్చుని నీళ్లు తాగాడు. చేతులు ఇంకా ఆడుతూనే ఉన్నాయి. ఆడనివ్వండి, దాంతో ఎవరికీ నష్టం లేదు. ఆ చేతుల్ని ఆపడమే చికిత్స అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లతో నాకు పేచీ ఉంది.

రైలెక్కాం. అమ్మా మేడమూ పెట్టెకి ఆ చివర, మీరు అబ్బాయికి ఎదురుగా కిటికీ దగ్గర. బయట వరి చేలు, మధ్యమధ్య చేపల చెరువుల మీద ఎండ. గుడ్లవల్లేరులో ఒక పెద్దావిడ పూలబుట్టతో ఎక్కి అతని పక్కనే కూలబడింది. ఇక కృష్ణా జిల్లాలో ఎవరూ తప్పించుకోలేని ప్రశ్న వచ్చింది.

"ఏ ఊరు నాన్నా మీది? ఎవరబ్బాయివి?"

జవాబు లేదు.

"నిన్నేనయ్యా. పెద్దదాన్ని అడుగుతుంటే అటు తిరుగుతావేంటి?"

పెట్టె ఆ చివర అమ్మ సగం లేచింది. ఇక్కడ లోపం ఎవరిది? సామాజిక నైపుణ్యాల పాఠాలు చాలావరకు ఆ అబ్బాయిదేనని మొదలవుతాయి, ఆవిడ వంక చూసి నవ్వడం అతనికి నేర్పుతాయి. బ్రిటన్‌లో డేమియన్ మిల్టన్ అనే పరిశోధకుడు, తనూ ఆటిజం ఉన్నవాడే, 2012లో దీన్ని తిరగేశాడు. ఒకరి తీరు ఒకరికి అందకపోవడం రెండు వైపులా ఉన్నదే, అర్థం చేసుకోవలసిన బరువంతా ఒక్కరి నెత్తినే ఎందుకు పెట్టాలన్నాడు. ఆ పూలావిడ మిల్టన్ పేరు వినలేదు. కానీ కాసేపు ఊరుకుంది. ఎందుకు ఊరుకుందో తెలియదు, ఎండకి అలిసిపోయిందేమో. ఆ ఊరుకోవడంలోనే అతనికి సందు దొరికింది.

"కవుతరం వస్తుంది. తర్వాత వడ్లమన్నాడు. తర్వాత పెడన."

"నేనూ పెడనే దిగేది. నిద్రపడితే లేపుతావా?"

"లేపుతాను" అన్నాడు కిటికీతో. ఆవిడ నిజంగానే కళ్లు మూసుకుంది. వడ్లమన్నాడు దాటగానే అతను బుట్ట అంచు మీద వేలితో కొట్టాడు. మనిషిని ముట్టుకోలేదు. ఆవిడ లేచి, బుట్ట ఎత్తుకుని, "బతికించావు" అని దిగిపోయింది.

పెడన షెడ్డులో మేనమామ ఎదురొచ్చి కౌగిలించుకోలేదు. అది నేర్చుకోవడానికి అతనికి చాన్నాళ్లు పట్టింది. దూరం నుంచే చెయ్యెత్తి, "వచ్చావా అల్లుడూ" అన్నాడు. లోపల పొడవాటి బల్లలు, వాటి మీద పొరలు పొరలుగా పరిచిన గుడ్డ. కరక్కాయ నీళ్లలో తడిపి ఆరేసిన బట్ట కొంచెం పసుపు తిరిగి ఉంటుంది. తుప్పు ఇనుమూ బెల్లమూ పులియబెట్టిన నీళ్లతో వేసిన చెక్క అచ్చు ఆ బట్టకి తగలగానే నల్లబడుతుంది. పటికతో వేసిన అచ్చు అప్పటికి పెద్దగా కనిపించదు. ఉతికి, చెట్ల వేళ్లతోనో చెక్కతోనో చేసిన రంగునీళ్లలో ఉడికిస్తేనే అక్కడ ఎరుపు తేలుతుంది. ఏ మెట్టు ముందుకు జరిగినా బట్ట పాడే. ఏది ముందు, ఏది తర్వాత అన్న గొడవ ఇక్కడ మనిషి జ్ఞాపకానికి వదిలిపెట్టలేదు. తడి, ఎండ, రంగు తామే గుర్తుచేస్తుంటాయి. అబ్బాయికి ఇక్కడ హాయిగా ఉండటానికి అదొక కారణం కావచ్చు.

అయితే ఆటిజం ఉన్న పిల్లలకి చేతిపనులు బాగా వస్తాయని ఎవరైనా మురిసిపోతే నమ్మకండి. కొందరికి వస్తాయి, కొందరికి ఆ రంగు వాసనే కడుపులో తిప్పుతుంది. పైగా స్క్రీన్ ప్రింటు వచ్చాక అచ్చు పనివాళ్ల కూలి ఏపాటిదో మేనమామని అడగండి. ఇవాళ కూడా అంతా సాఫీగా ఏమీ జరగలేదు. అచ్చు వెంట్రుకవాసి పక్కకి జరిగింది. మామ "తప్పురా" అన్నాడు, కాస్త గట్టిగా. అబ్బాయి అచ్చు కింద పడేసి చెవులు మూసుకుని గోడవైపు తిరిగిపోయాడు. షెడ్డంతా ఆగింది. మామ ఇంకో మాట అనకుండా తన బల్ల దగ్గరికి వెళ్లి అచ్చు వేసుకుంటూ కూర్చున్నాడు. పది నిమిషాలో పావుగంటో గడిచాక అబ్బాయి వచ్చి, "తప్పు అనకు. ఎంత జరగాలో చెప్పు" అన్నాడు. "సరే, ఈసారి గింజంత ఎడమకి" అన్నాడు మామ. పెద్దవాడికి చిన్నవాడు నేర్పిన ఆ ఒక్క వాక్యం ఏ క్లినిక్కులో కూర్చున్నా వచ్చేది కాదు.

బందరులో మనకి ఎక్కువ పని లేదు, పత్రాల కోసమే. ఆసుపత్రి వరండాలో వైకల్య ధ్రువీకరణకి వచ్చినవాళ్ల వరస. అంతంత జనం, అంత హోరు, ఎప్పుడు పిలుస్తారో తెలియదు. ఈ పిల్లలకి ఇంతకంటే కష్టమైన గది కట్టడం ఎవరికీ సాధ్యం కాదు, సత్తువ కొలిచేది మాత్రం ఇక్కడే. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాల్ని గుర్తించింది. ఆటిజం, నేర్చుకోవడంలో ప్రత్యేక ఇబ్బందులు వాటిలో ఉన్నాయి. ఏడీహెచ్‌డీ పేరు లేదు. ఆటిజాన్ని కొలిచేది సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థలో తయారైన ఐఎస్ఏఏ అనే కొలమానం. 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా మార్కులు, మొత్తం 70కి చేరితే ఆటిజం. 40 శాతం వైకల్యమని తేలితే పింఛను. 2024 జులై నుంచి రాష్ట్రంలో అది నెలకి 6,000 రూపాయలు. వరసలో ఒక తల్లి ఇంకో తల్లితో అంటోంది: "ఇవాళ బుద్ధిగా కూర్చున్నాడక్కా. రోజూ ఇట్లాగే ఉంటే బాగుండును, ఇవాళొక్క రోజూ ఉండకపోతే బాగుండును." ఒంటరితల్లికి ఆ 6,000 ఎంతో తెలిసినవాళ్లు ఆ మాటకి నవ్వరు.

బస్సెక్కండి. చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ. అవనిగడ్డ దాటి నాగాయలంక వైపు, కాలువ గట్టు మీద ఒక ఊరు. దివిసీమలో ఇంటికీ నీళ్లకీ మధ్య ఒక రోడ్డు ఉంటుంది, కొన్నిచోట్ల అదీ ఉండదు. ఈ ఇంట్లో తొమ్మిదేళ్ల పిల్లవాడికి మాటలు లేవు. పరుగు ఉంది. సందు దొరికితే నీళ్లవైపే.

నాయనమ్మ గడపకి అడ్డంగా కూర్చుని ఉంటుంది, పగలంతా. 1977 నవంబరు 19 రాత్రి ఉప్పెన వచ్చినప్పుడు ఆవిడ పది పన్నెండేళ్ల పిల్ల. ఆ రాత్రి గురించి ఆవిడ చెప్పదు, మనం అడగం. ఇక్కడ రాత కుదరడం, నమస్కారం పెట్టడం ఎవరికీ అక్కర్లేదు. నీటి అంచున ఆగితే చాలు. ఆటిజం ఉన్న పిల్లలు చెప్పకుండా వెళ్లిపోయి నీళ్లపాలవడం ప్రపంచమంతటా ఉన్న ముప్పే. కాలువల దేశంలో అది వాకిట్లోనే ఉంది.

హోం విజిట్‌కి వచ్చిన టీచరు మొదటిరోజు చేసిన పని వీధిలో నిలబడి చూడటం. పిల్లవాడు పరుగెత్తగానే నాయనమ్మ "ఒరే ఒరే" అని, తల్లి "వద్దు నాన్నా" అని, టీ కొట్టు బాబాయి ఇంటి పేరు పెట్టి అరిచారు. పక్కింటి కుర్రాడు వెంటపడ్డాడు. వెంటపడటం పిల్లవాడికి ఆట. కిలకిలా నవ్వుతూ ఇంకా జోరుగా పోయాడు. నలుగురు నాలుగు మాటలు అరిస్తే ఆగడమన్నది అతనికి ఎప్పటికీ తెలియదు.

అందుకని వీధి మొత్తం ఒక మాటకి ఒప్పుకుంది. "ఆగు." చెయ్యి అడ్డంగా చాపి, ఒక్కసారే. ఎవరూ వెంటపడకూడదు. ముందు ఇంటి వాకిట్లో, తర్వాత రోడ్డు మీద, ఆఖర్న గట్టు దగ్గర. మధ్యలో ఆగిన ప్రతిసారీ మెచ్చుకోలు, బెల్లం ముక్క. గేటు గడియ పైకి బిగించారు. ఒక్క 'ఆగు'నే నమ్ముకుని ఉండకూడదుగా.

ఇంత చేసినా సగం రోజులు పని చేయలేదు. టీచరు పిల్లవాడి పక్కన కూర్చుని, అతను కాలువ వంక చూసే చూపు చూసి, "వీడు పారిపోవట్లేదమ్మా, వెళ్తున్నాడు" అంది. నీళ్లంటే ఇష్టం. ఆ ఇష్టానికి రోజులో ఒక చోటు ఇవ్వాలి. రేవు బొమ్మ ఉన్న కార్డు ఒకటి గోడకి తగిలించారు. సాయంత్రం అయిదింటికి ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని రేవుకి తీసుకెళ్తారు. రెండు మెట్లు దిగి కాళ్లు ముంచి కూర్చుంటాడు. మధ్యాహ్నం నీళ్లు గుర్తొస్తే ఇప్పుడు కార్డు పీక్కొచ్చి నాయనమ్మ ఒళ్లో పడేస్తాడు. మాటలు లేని పిల్లవాడు అడిగాడన్నమాట.

థెరపిస్టు కాని మనుషులు ఇలాంటి పని చేయగలరా అనే సందేహానికి మన పక్కనే జవాబు ఉంది. గోవాలోనూ పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ జరిగిన పాస్ అధ్యయనంలో మామూలు ఆరోగ్య కార్యకర్తలు శిక్షణ పొంది తల్లిదండ్రులతో కలిసి పనిచేశారు. తల్లిదండ్రులు పిల్లల తీరుకి తగ్గట్టు స్పందించడం పెరిగింది, పిల్లలు తామంతట తాము పలకరించడమూ పెరిగింది. ఆ అధ్యయనం 2016లో లాన్సెట్ సైకియాట్రీలో వచ్చింది. నిపుణులు అక్కర్లేదని దీనికి అర్థం చెప్పుకుని పోస్టులు ఖాళీగా ఉంచేవాళ్లుంటారు, వాళ్లని క్షమించకూడదు.

అయిదయింది. పిల్లవాడు గట్టు వైపు దూకుడుగా బయల్దేరాడు. టీ కొట్టు బాబాయి గిన్నె పొయ్యి మీదే వదిలేసి చెయ్యి చాపాడు. "ఆగు." ఆగాడు. పక్కింటి కుర్రాడి చెయ్యి అందుకుని మెట్లు దిగాడు.

"రేపు నేనుండను పిన్నీ" అంటున్నాడు బాబాయి. "పిల్లకి పుట్టువెంట్రుకలు, మోపిదేవి వెళ్తున్నాం."

"నాకూ ట్యూషనుంది మామ్మా, నాలుగున్నరకైతే తీసుకెళ్తా" అంటాడు కుర్రాడు కిందినుంచి.

"వాడికి అయిదంటే అయిదే. నాలుగున్నరకి తీసుకెళ్తే అయిదుకి మళ్లీ వెళ్తాడు."

టీచరు సంచిలోంచి ఫొటోలు తీసి మెట్టు మీద పరిచింది. అమ్మ, కుర్రాడు, నాయనమ్మ. పిల్లవాడు తడిచేత్తో నాయనమ్మ ఫొటో తోశాడు.

"నేనా? నా మోకాళ్లతో ఆ మెట్లు దిగేదెవరు?"

"మెట్లు వాళ్లమ్మ దిగుతుంది. మీరు గట్టు మీద కూర్చుంటే చాలు మామ్మగారూ."

"కింద కూర్చుంటే లేవలేను టీచరమ్మా."

"కొట్లో స్టూలుంది పిన్నీ" అన్నాడు బాబాయి, పొంగిన పాలు దించుతూ. "తాళంచెవి ఇచ్చి వెళ్తాను. సాయంత్రం మళ్లీ లోపల పెట్టించు, పోయినసారి వానకి తడిసి ఒక కాలు ఊడింది."